ఇంగువ లేకపోతే వెల్లుల్లి

నేను ఒక హెడ్‌సెట్‌ని. తల మీద వంగి కూర్చునే నల్ల ప్లాస్టిక్ పట్టీ, దాని రెండు కొసలా రెండు మెత్తలు, ఎడమ మెత్త నుంచి నోటిదాకా వంగే చిన్న మైకు, ఒక తీగ. ఇంతే నా శరీరం. కళ్ళు లేవు కాబట్టి ఈ కథలో ఎవరి ముఖం ఎలా ఉంటుందో చెప్పలేను. చెవులు మాత్రం నాకు బాగా తెలుసు. మనుషులు ముఖాన్ని ఎంతో కొంత అదుపులో పెట్టుకోగలరు గానీ చెవిని పెట్టుకోలేరు. సిగ్గేసినా, భయమేసినా, కోపమొచ్చినా అది వేడెక్కిపోతుంది. ఆ వేడి నా మెత్తలకు తెలుస్తుంది.

నేను పుట్టిన ఊరి పేరు తెలియదు. పుట్టగానే ఒక ఆడమనిషి నన్ను తలకు పెట్టుకుని, మైకులో తన భాషలో నాలుగు ముక్కలు చదివి, పనిచేస్తున్నానని తేల్చుకుని తీసి పక్కన పెట్టింది. నాలో పడిన మొదటి మాట ఆమెదే. అది ఎక్కడికీ చేరలేదు, ఎవరూ వినలేదు. నా బతుకంతా అదే జరగబోతోందని నాకు అప్పుడు తెలియదు.

కరోనా వచ్చిన ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నాలాంటివాళ్ళను టోకున కొని, ఇళ్ళలో కూర్చుని పనిచేసే ఉద్యోగులకు పంచింది. అలా నేను హైదరాబాదు నిజాంపేటలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తుకు, ఫణీంద్ర గారి చెవుల మీదకు చేరాను. పెద్ద చెవులు. ఆయన జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉద్యోగం మొదలుపెట్టి, క్రమంగా కోడ్ రాయడం మానేసి, రాసేవాళ్ళను "ఎంతదాకా వచ్చింది?" అని అడిగే హోదాకు ఎదిగారు. రెండేళ్ళకు పైగా నేను ఎక్కువగా విన్నది ఆ ప్రశ్నే. అవతలివాళ్ళు "అయిపోవచ్చింది సార్" అనేవారు. ఏదైనా అయిపోయిందన్న మాట మాత్రం నేను వినలేదు.

ఆయన భార్య నీరజ. ఆమెను మొదట్లో తలుపు అవతలి గొంతుగానే ఎరుగుదును. "ఏమండీ, దోసె చల్లారిపోతోంది" అని ఆమె అనగానే ఆయన వేలు చటుక్కున నా మైకు నొక్కేసేది. ఇంట్లో ఆడమనిషి మాట మీటింగులో పడితే బాగుండదు కదా.

ఆఫీసులు మళ్ళీ తెరిచాక ఫణీంద్ర గారు నన్ను బల్ల మీద వదిలేసి వెళ్ళడం మొదలుపెట్టారు. ఒక ఉదయం పదిన్నరకు, ఇల్లు సద్దుమణిగాక, టక్కుటక్కుమని రెండు చిన్న చప్పుళ్ళు వినిపించాయి. నీరజ చెవి దిద్దులు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత నన్ను పెట్టుకుంది. చిన్న చెవులు, కొబ్బరినూనె వాసన. మైకును పైకి మడిచేసింది. మాట్లాడే పని తనకు లేదనుకున్నట్టుంది.

కూతురు హాసిని ఆన్‌లైన్ క్లాసులకు వాడిన పాత లాప్‌టాప్‌లో ఆమె ఒక కోర్సు పెట్టుకుంది. ఇవాళ్టి జావా నేర్పే కోర్సు. నీరజ ఎం.సీ.ఏ. చదివి ఐదేళ్ళు అదే భాషలో ఉద్యోగం చేసిందనీ, హాసిని పుట్టినప్పుడు రెండేళ్ళకని మానేసిందనీ, ఆ రెండేళ్ళు పన్నెండయ్యాయనీ నాకు తర్వాత తెలిసింది. మొదటి పాఠంలోనే పంతులు ఎంతో ఉత్సాహంగా, "మీరు పదిహేనేళ్ళ కిందట రాసిన తీరులో ఇప్పుడు ఎవరూ రాయరు. ముందు అది మరిచిపోండి" అన్నాడు. నీరజ చెవులు వేడెక్కాయి. పాఠం ఆపింది. కాసేపటికి మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

నాకు ఆ భాష రాదు. విని విని ఏదో పట్టుబడింది. పూర్వం ఒక మనిషి పేరూ వయసూ దాచుకోవడానికి ఒక పేజీ కోడ్ రాయాల్సి వచ్చేదట, ఇప్పుడు రికార్డ్ అనే ఒక్క లైను చాలట. ఒక చిన్న పని అప్పజెప్పాలంటే పూర్వం దానికో పెద్ద తతంగం ఉండేదట, ఇప్పుడు ఒక బాణం గుర్తు వేస్తే సరిపోతుందట. ఇలాంటివి విన్నప్పుడు నీరజ తనలో తను నవ్వేది. ఆ నవ్వు నా పట్టీకి అదురుగా తెలిసేది. ఒకసారి పైకే అంది. "అయ్యో, ఇంత తేలికా? ఆ రోజుల్లో ఎంత చాకిరీ చేయించార్రా మాచేత!"

తనకు అర్థమైనదాన్ని ఆమె వంటింటి భాషలోకి మార్చుకునేది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడకుండా పైకి చెప్పుకునేది. స్ట్రీములనే పాఠం వచ్చినప్పుడు, "చింతపండు నానబెట్టి, పిసికి, వడగట్టి, పులుసులో పోయడమేగా. అయితే పొయ్యి వెలిగించేదాకా ఏదీ కదలదన్నమాట" అంది. పంతులు అదే సంగతిని పావుగంట చెప్పాడు.

ఆప్షనల్ అనే దాని దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. అది ఏమిటో చెప్పక తప్పదు, ఈ కథ అంతా దాని మీదే నడుస్తుంది. పాత జావాలో ఒక డబ్బాలో చెయ్యి పెడితే అందులో ఏదో ఉందన్న నమ్మకంతోనే పెట్టాలి. లేకపోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కుప్పకూలుతుంది. కొత్త జావా అలాంటి చోట డబ్బా మూత మీదే "ఇందులో ఏమీ లేకపోవచ్చు" అని చీటీ అంటిస్తుంది. లేకపోతే ఏం చేస్తావో ముందే చెప్పమంటుంది. రెండో రోజు నీరజ నన్ను తల మీద ఉంచుకునే, తీగ సాగినంత దూరం నడిచి, అలమార తెరిచి స్టీలు డబ్బా ఒకటి తీసి ఊపింది. లోపలినుంచి చప్పుడు రాలేదు.

"నూనె కాగుతూ ఉంటుంది," అంది తనలో తను. "చూడకుండా ఇంగువ డబ్బా తీస్తాం. ఖాళీ. ఈలోగా పోపు మాడి చస్తుంది. అందుకే ముందు ఊపి చూస్తాం. ఇంగువ లేకపోతే వెల్లుల్లి. అంతే, ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు."

ఆ మధ్యాహ్నం మొదటిసారి మైకు కిందికి వంచింది. ఎవరో ఎదురుగా కూర్చుని అడుగుతున్నట్టు ఊహించుకుని ఆ జవాబే ఇంగ్లీషులో చెప్పింది. ఐదుసార్లు చెప్పింది. ఐదోసారికి గొంతులో వణుకు పోయింది.

ఇంటి పనులకని ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళను మళ్ళీ తీసుకునే పథకం ఒక పెద్ద కంపెనీలో ఉందని ఆమె కనుక్కుంది. దరఖాస్తు పెట్టింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పినప్పుడు నేను పక్క బల్ల మీదే ఉన్నాను, మైకు తెరిచే ఉంది.

"ఆ బాణం గుర్తుల లాంబ్డాలూ అవీ అన్నీ ఫ్యాషన్ నీరజా," అన్నారు ఫణీంద్ర గారు. "మా ప్రాజెక్టులో ఇప్పటికీ పాత కోడే. బండి నడుస్తోందా లేదా? సరే, నీ సరదా నీది. చేసుకో."

రెండు నెలలకు ఆ పాత కోడునూ దానితోపాటు ఆయననూ కంపెనీ వదిలించుకుంది. లాప్‌టాపు, గుర్తింపు కార్డు, చార్జరు వెనక్కి తీసుకున్నారు. జాబితా పట్టుకుని వచ్చిన కుర్రాడు నన్ను చేతిలోకి తీసుకుని మెత్తలు పెచ్చులూడటం చూసి, "ఇది అక్కర్లేదు సార్, ఉంచుకోండి" అన్నాడు. ఇద్దరమూ ఒకేరోజు పనికిరానివాళ్ళమయ్యాం. నేను మాత్రం దాని గురించి ఎవరి మీదా అరవలేదు.

ఆయన నాలుగు ఇంటర్వ్యూలు ఇచ్చారు. నాలుగూ నా మీదుగానే జరిగాయి. అడిగినవాళ్ళు ఆయన కంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. "ఆప్షనల్ ఎందుకు వాడతారు సార్?" అంటే ఆయన, "మా టీమ్ చూసుకునేది" అన్నారు. ఇంకోచోట "రికార్డ్ అంటే?" అంటే గ్రామఫోను గురించి హాస్యమాడబోయారు. అవతల ఎవరూ నవ్వలేదు. ఆ పెద్ద చెవులు మండిపోయాయి. ఆయన మీద నాకు జాలి వేసింది. ఇది కూడా చెప్పాలి. ఆయన చెడ్డవాడని నేను అనను. చెడ్డవాళ్ళయితే ఈ కథ ఇంకా చిన్నదయ్యేది.

ఐదో ఇంటర్వ్యూ నీరజ దరఖాస్తు పెట్టిన కంపెనీలోనే. అక్కడ పెద్ద ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందని చూసి చెప్పింది ఆమే. ఆమె ఇంటర్వ్యూ ఆయనదానికి మూడు వారాల తర్వాత.

"నీరజా," అన్నారు ఆయన. చాలా మెత్తగా అన్నారు. "నువ్వు ఆ పక్కగదిలో కూర్చో. నా ఫోనులోంచి నీకు కాల్ ఉంటుంది. వాళ్ళు అడిగేది నీకు వినపడుతుంది. నువ్వు మెల్లిగా చెప్పు, నేను అందుకుంటాను."

"అది ప్రాక్సీ కదండీ."

"ప్రాక్సీ అంటే బయటివాళ్ళను పెట్టుకోవడం. నువ్వు బయటిదానివా? నాకు ఒకసారి వస్తే చాలు, ఇల్లు నిలబడుతుంది. తర్వాత నువ్వు నింపాదిగా చూసుకోవచ్చు."

తెల్లారి నీరజ దిద్దులు తీసింది.

ఈ ఊళ్ళో ఇది కొత్త విద్య ఏమీ కాదట. కెమెరా ముందు ఒకరు పెదవులు కదుపుతారు, మరెక్కడో ఇంకొకరు జవాబు చెబుతారు. ఆయన కెమెరాకు కనపడని చెవిలో గుండీ అంత ఇయర్‌బడ్ పెట్టుకున్నారు. నీరజ పడకగదిలో అలమారకూ మంచానికీ మధ్య నేల మీద కూర్చుంది, తల మీద నేను. ప్రశ్న వచ్చేది. ఆమె ఊపిరి బిగపట్టి రెండు ముక్కల్లో జవాబు చెప్పేది. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి, మధ్యలో గొంతు సవరించుకుని, తన అనుభవంలోంచి వచ్చినట్టు పలికేవారు. ఇందులో ఆయనకు నిజంగానే నేర్పుంది. ఇన్నేళ్ళు ఇతరుల పనిని పైకి నివేదించిన మనిషి కదా.

మధ్యలో నీరజ గబుక్కున, "ఒక్క నిమిషం, పాలు!" అని లేచింది. ఊపులో ఉన్న ఆయన, "వన్ మినిట్, ది మిల్క్..." అనేశారు. అవతల నవ్వులు. ప్యానెల్ పెద్ద భార్గవన్ అనే ఆయన, "ఇంటిపనిలో సాయం చేస్తారన్నమాట. మంచిది, మంచిది. వెళ్ళి చూసుకోండి, ఆగుతాం" అన్నాడు. ఫణీంద్ర గారు కుర్చీలోంచి కదలకుండా నిమిషంసేపు పాలు దించి వచ్చారు.

తర్వాత ఆప్షనల్ గురించి అడిగారు. నీరజ క్షణం ఆగింది. పుస్తకంలో జవాబు చెప్పవచ్చు. కానీ ఆ మాట ఆమె నోట్లో ఎప్పటినుంచో తయారుగా ఉంది. చెప్పేసింది. కాగే నూనె, ఖాళీ డబ్బా, ఇంగువ లేకపోతే వెల్లుల్లి. ఆయన యథాతథంగా చెప్పారు.

"పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి ఉదాహరణ వినలేదు," అన్నాడు భార్గవన్. "ఇది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. మీరు లోతుగా ఆలోచిస్తారండీ."

"థాంక్యూ," అన్నారు ఫణీంద్ర గారు.

"థాంక్యూ," అంది నీరజ కూడా, అలవాటు చొప్పున ఆయనకు అందిస్తూ.

ఉద్యోగం వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. డబ్బా మూత తీసిన చప్పుడు, హాసిని "డాడీ సూపర్!" అనడం, నీరజ నవ్వడం అన్నీ విన్నాను. అది దొంగనవ్వు కాదు. ఇల్లు నిలబడిందని ఆమెకు నిజంగానే సంతోషం.

మూడు వారాలకు ఆమె వంతు వచ్చింది. ఉదయమే ఇల్లు ఊడ్చి, కుక్కరు దించి, ఇంటి గంట మోగకుండా పక్కింటి ఆవిడకు చెప్పి వచ్చింది. నన్ను తల మీద బాహాటంగా పెట్టుకుని కూర్చుంది. దాచుకోవడానికి ఆమెకు ఏమీ లేదు. సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరే ఉండటంతో ఆమె ఎవరి భార్యో అవతలివాళ్ళకు తెలియదు. గొంతు వినగానే నేను గుర్తుపట్టాను. భార్గవన్.

ఇరవై నిమిషాలు ఆమె ఎంత బాగా చెప్పిందో నేను చెబితే మీరు పక్షపాతం అనుకుంటారు. ఆయన, "పన్నెండేళ్ళ గ్యాప్ అంటే నమ్మలేకపోతున్నానమ్మా" అన్నాడు. తర్వాత ఆప్షనల్ దగ్గరికి వచ్చాడు.

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. నా మైకు ఇతరుల మాట మోయడానికే తప్ప నా మాటకు పనికిరాదు. పోనీ తీగ ఒక్క క్షణం ఊడినా బాగుండేది. ఊడలేదు. ఎన్ని వందలసార్లు అవసరం లేనప్పుడు ఊడిందో.

ఆమె మరిచిపోలేదు. ఆ మాట తనదని అనుకుంది. తన అలమారలోది, తన డబ్బాలోది. తన సొమ్ము ఒకసారి వేరొకరి చేతికి ఇస్తే ఇక తనది కాకుండా పోతుందని ఆ క్షణాన ఆమెకు తోచలేదు. నూనె కాగుతూ ఉంటుందని మొదలుపెట్టింది.

"వెల్లుల్లి," అన్నాడు భార్గవన్, ఆమె ఆ మాటకు చేరేలోపే.

ఆమె ఆగిపోయింది.

"ఇంగువ లేకపోతే వెల్లుల్లి. అంతేనా? ఈ జవాబు మూడు వారాల కిందట ఇంకొకరి నోట విన్నానమ్మా. మాట మాటా ఇదే. ఆయన ఇప్పుడు మా దగ్గరే పనిచేస్తున్నారు." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఒకసారి ఆ హెడ్‌సెట్ తీసెయ్యండి. జుట్టు వెనక్కి తీసి చెవులు చూపించండి. రెండోది కూడా. కెమెరా గది చుట్టూ తిప్పండి."

నన్ను తీసింది. బల్ల మీద పడ్డాను. తీగ ఇంకా తగిలించే ఉంది కాబట్టి ఆయన మాటలు నాలోంచి సన్నగా బయటికి వస్తున్నాయి. చెవులు చూపించినట్టుంది. కుర్చీ జరిగిన చప్పుడు, లాప్‌టాప్ తిప్పిన చప్పుడు. ఆ గదిలో ఎవరూ లేరు. ఆ గదిలో ఎవరో ఉండాల్సిన రోజు ఇది కాదు.

"ఎవరూ లేరు. సరే. మరి ఈ ఉదాహరణ ఎక్కడిది?"

మీరు ఆలోచించండి, ఆమె ఏం చెప్పగలదు? అది నాదండీ అంటే, మరి ఆయనకెలా చేరింది అంటారు. ఆ జవాబుతో భర్త ఉద్యోగం పోతుంది. తనకూ రాదు. అంత దూరం లెక్క ఆమె ఎంతసేపట్లో వేసిందో నాకు తెలియదు. చాలా సేపటిలా అనిపించింది.

"ఎక్కడో... ఏదో వీడియోలో చూశానండీ."

"అనుకున్నాను," అన్నాడు ఆయన. "చూడండమ్మా, మీకు విషయం తెలుసు. కానీ మాకు సొంతంగా ఆలోచించేవాళ్ళు కావాలి. ఏడాది తర్వాత మళ్ళీ ప్రయత్నించండి."

ఆ సాయంత్రం ఫణీంద్ర గారు వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంది. జరిగింది చెప్పింది. ఆయన మొదటి మాట, "నా పేరు వచ్చిందా?"

"రాలేదు."

ఊపిరి వదిలిన చప్పుడు నాకు బల్లదాకా వినిపించింది. ఆ వెంటనే కొంచెం విసుగ్గా అన్నారు. "అయినా నువ్వు ఆ ఇంగువ ఉదాహరణ ఎందుకెత్తావ్ నీరజా? అది నేను చెప్పేశానని తెలుసుగా!"

కత్తిపీట చప్పుడు ఆగింది.

"అవునండీ," అంది. "మీరు చెప్పేశారు." మళ్ళీ కత్తిపీట చప్పుడు మొదలైంది.

తర్వాతి కాలం నాకు ఎక్కువ పని పడింది. ఆయనకు వారానికి మూడు రోజులు ఇంటినుంచే ఉద్యోగం. ఆ మూడు రోజులూ పదిన్నరకు మీటింగు, అలమారకూ మంచానికీ మధ్య ఆమె, తల మీద నేను. మధ్యాహ్నం ఆయన నిద్రపోతే ఆయన లాప్‌టాప్‌లో కోడ్ రాసేది. మిగిలిన రెండు రోజులు ఆయన ఆఫీసుకు వెళ్ళి, ఎవరేం అడిగినా "ఆలోచించి రేపు చెబుతాను" అనేవారు. దాంతో తొందరపడని మనిషని పేరొచ్చింది. పాత జావా నుంచి కొత్త జావాకు ఎలా రావాలో డెబ్బైమందికి ఉపన్యాసం కూడా ఇచ్చారు. దానికోసం ఆయన నీరజ స్టీలు డబ్బాలను వరసగా పేర్చి ఫోటోలు తీశారు.

"ఇందులో నీ చెయ్యి పడింది," అన్నారు.

"కత్తిరించండి," అంది ఆమె.

ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు ఆయన హుషారుగా వచ్చారు. "భార్గవన్ నన్ను కూడా ప్యానెల్లో వేశాడే! ఆడవాళ్ళ పథకం ఉంది చూడు, అదే."

"వచ్చే మార్చికి నా ఏడాది గడువు అయిపోతుంది," అంది నీరజ.

"ప్యానెల్లో నేనుంటే నిన్నెలా అడుగుతానే?" అని నవ్వారు. "మొగుడూ పెళ్ళాం ఒకేచోట బాగుండదు కూడా. వేరే కంపెనీలు లేవా?"

"వేరేచోట చేరితే మీ పదిన్నర మీటింగుకు ఎవరుంటారు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకు తట్టలేదని ఆ నిశ్శబ్దం చెప్పింది. ఆమెకు ఎప్పుడో తట్టిందని కూడా చెప్పింది.

"అదీ నిజమే," అన్నారు.

ప్యానెల్ రోజు అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆమే తయారుచేసింది. మూడో అభ్యర్థి కాకినాడ నుంచి. పేరు పూర్ణిమ. ఏడేళ్ళ విరామం. వెనక ఎక్కడో పిల్లాడు ఏడుస్తున్నాడు, ఎవరో జోకొడుతున్నారు. మొదలుపెట్టగానే ఫణీంద్ర గారు, "ముందు ఆ హెడ్‌ఫోన్స్ తీసెయ్యండి మేడమ్. చెవులు చూపించండి. ఇక్కడ రూల్" అన్నారు. ఆయన చెవిలో ఇయర్‌బడ్ ఉంది. దాంట్లో నీరజ ఊపిరి ఉంది.

ఆ అమ్మాయి గొంతు దూరమైంది. నీరజ చెవులు నా మెత్తల కింద నిప్పుల్లా ఉన్నాయి.

ఆప్షనల్ గురించి అడిగారు. పూర్ణిమ పుస్తకంలో వాక్యం ఒకటి మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది. "సారీ సార్," అంది. మళ్ళీ, "అంటే సార్, మా వీధిలో మునిసిపల్ కుళాయి ఉంటుందండీ. తిప్పితే నీళ్ళు రావచ్చు, రాకపోవచ్చు. వస్తాయని నమ్మి ఒంటికి సబ్బు రాసుకున్నామనుకోండి..." అని తనే నవ్వేసి, ఆ నవ్వుకు భయపడి ఆగిపోయింది. "అందుకని ముందే పక్కన బిందె పెట్టుకుంటామండీ. అది సార్."

ఫణీంద్ర గారు మైకు మూసి గుసగుసగా అన్నారు. "ఏమంటావ్? తడబడుతోంది. మన డబ్బాలంత శుభ్రంగా లేదు. తీసేద్దామా?"

"తీసుకోండి," అంది నీరజ.

"భార్గవన్ ఎక్కడో విన్నదేనంటాడేమో."

"విన్నది కాదు. తనదే."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. మీరు చెబితే ఆయన వింటాడు. లోతుగా ఆలోచించే మనిషి కదా మీరు."

ఆ మాట ఆయన చెవిలో ఎంత లోతుకు దిగిందో కొలవడానికి ఆ చెవి మీద ఉన్నది నేను కాదు. మైకు తెరిచి, భార్గవన్‌తో, "ఈ అమ్మాయి సొంతంగా ఆలోచిస్తుంది. నేను గట్టిగా చెబుతున్నాను, తీసుకుందాం" అన్నారు. భార్గవన్ సరేనన్నాడు. ఇంకా లైన్లోనే ఉన్న పూర్ణిమకు ఆ సంగతి అప్పుడే చెప్పేశారు. దూరంగా, గరగరమంటూ, ఆమె ఎవరినో "అత్తయ్యా, వచ్చింది!" అని పిలవడం నా ఎడమ మెత్తలో వినిపించింది. అది నేను స్పష్టంగా మోసిన చివరి మాట. నీరజ నన్ను వెంటనే తీసేయలేదు. లైను తెగిపోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చుంది. నా ఎడమ మెత్త తడిసింది.

ఆ తడికో, వయసుకో, ఆ పక్క మూగబోయింది. పెళ్ళిరోజుకు ఫణీంద్ర గారు ఖరీదైన కొత్త హెడ్‌సెట్ తెచ్చారు. తీగ లేదు, బయటి చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదు. "నీకే," అన్నారు. "ఇక కుక్కరు కూతపెట్టినా ఇబ్బంది లేదు." ఆమె థాంక్సండీ అంది. తీగ లేదు కాబట్టి ఇప్పుడు పప్పు పోపు పెడుతూ కూడా మీటింగులో ఉండవచ్చు.

నా తీగను నా చుట్టూ చక్కగా చుట్టి, పాత చార్జర్లతో పాటు నీరజ నన్ను ఒక స్టీలు డబ్బాలో పెట్టింది. వెనకటి ఇంగువ డబ్బా కాదు, దానికంటే పెద్దది, చకోడీలు పోసేది. మార్చి వచ్చిందో, వెళ్ళిపోయిందో ఇక్కడ తెలియదు. పదిన్నర మాత్రం తెలుస్తుంది. గోడకు అవతల ఒక గొంతు మెల్లిగా చెబుతుంది. ఇంకో గొంతు దాన్నే గట్టిగా చెబుతుంది.

అప్పుడప్పుడు హాసిని ఏదో వైరు కోసం వచ్చి డబ్బా ఊపుతుంది. చప్పుడొస్తే, "అమ్మా, ఇందులో ఏదో ఉంది!" అంటుంది.

నీరజ ఊపదు. అందులో ఏముందో ఆమెకు తెలుసు.